లాంచీ టాపు మీది పెట్టె

జూన్ 4. పెట్టెల వేడి: నాలుగు డిగ్రీలు (అని రాయాలి)

ఏ లంక పెట్టె ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు దిగింది, దారిలో దాని వేడి ఎంత? ప్రతి ప్రయాణానికీ ఈ మూడూ ఈ పుస్తకంలో రాయాలని రూలు. వేడిని తనంతట తానే రాసుకునే యంత్రం ఒకటి ఉండేది. ఉప్పుగాలికి తుప్పు పట్టి చచ్చిపోయి మూడేళ్లయింది. అప్పటినుంచి దాని పని నా చేతిలో పడింది. యంత్రానికి అబద్ధం రాయడం రాదు. నాకొచ్చు. వేడి గడి చూసి సంతకం పెట్టడమే తప్ప కింద ఏం రాశానో ఇంతవరకు ఎవరూ చదివిన పాపాన పోలేదు. అందుకని నాకు తోచిందల్లా రాసుకుంటున్నాను.

నా పేరు పోతాబత్తుల నూకరత్నం. మాది నక్కలంక. సముద్రం లోపలికొచ్చాక గోదావరి పాయల మధ్య మిగిలిన పద్నాలుగు లంకల్లో అదొకటి. నెలకోసారి మా లంకలో పదిమందివి, పక్కనున్న పొన్నలంకలో పదిమందివి నమూనాలు పట్టుకుని, రెండు రోజులు లాంచీలో ఎగువకి పోయి, మెరకలో ఉన్న ల్యాబులో అప్పగించడం నా ఉద్యోగం. నమూనా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తెల్లారి లేచి అందరూ చేసేదే. కాస్త చిన్న డబ్బీలో చెయ్యాలి, అంతే.

ల్యాబువాళ్ళు అందులో మొండిపురుగుల కోసం వెతుకుతారు. అవి కంటికి కనపడవు, మామూలు మందులకి చావవు, పేగుల్లో కాపురం పెట్టుకుని ఉంటాయి. అవి దొరికిన లంకకి ఎర్రజెండా, దొరకని లంకకి పచ్చజెండా. పచ్చజెండా లంకలో ఎవరికైనా ఆపరేషను కావాలంటే మెరక ఆసుపత్రిలో మామూలు మందు వేసి వెంటనే చేసేస్తారు. ఎర్రజెండా లంకవాళ్ళకి ఆఖరిమందు వస్తేగానీ కత్తి పెట్టరు. అది నెలకి నలుగురైదుగురికి సరిపడా వస్తుంది. అందుకని వరస. మా ఆడపడుచు చంద్రావతి ఆ వరసలో ఏడు నెలలుగా ఉంది. గర్భసంచిలో గడ్డ. నెలలో సగం రోజులు రక్తం పోతూనే ఉంటుంది.

ఈ ఉదయం పొన్నలంక రేవులో ప్రెసిడెంటు సుభద్రాయమ్మగారు తమ పెట్టెని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి ఇచ్చారు. ఇవ్వడానికి ముందు మామూలుగానే ఉపన్యాసం.

"ముప్పై నెలలుగా మా లంకకి పచ్చజెండా. మా దగ్గర మొండిపురుగు అడుగు పెట్టలేదు. ఎందుకంటావ్? మేము మనుషుల్లా బతుకుతాం."

మనుషుల్లా అన్నప్పుడు నావైపు చూశారు.

"మీ లంక పెట్టె మా పెట్టెకి తగలనీకమ్మా. అంటుకుంటే మా పరువు పోతుంది."

"ఆయ్, తగలనివ్వనండి" అన్నాను.

ముప్పై నెలలుగా ఆ మాట మీదే నిలబడ్డాను. లాంచీ నడిపే సరంగు భైరవస్వామి అడుగుభాగంలో ఐసు వేసుకుని రొయ్యలు తీసుకెళ్తాడు. అందులో ఒక్క పెట్టెకే చోటిస్తాడు. "రెండూ పెడితే నా రొయ్యలెక్కడ పెట్టనక్కా? ఒకటి పెట్టు. అదీ మూలకి పెట్టు. కొనేవోళ్ళకి తెలిసిందంటే నా బతుకు అయిపోద్ది" అంటాడు. ఆ ఒక్క చోటూ మా నక్కలంక పెట్టెది. మా ఊరి సొత్తు కదా, చల్లగా, క్షేమంగా చేరాలి. పొన్నలంక పెట్టెని టాపు మీద, ఎండతో లాంచీని నడిపే పలకల పక్కన తాడుతో కట్టేస్తాను. ఒకదానికొకటి తగిలే ప్రమాదమే లేదు.

టాపు మీద అరచెయ్యి పెడితే అట్టు కాలినట్టు కాలుతుంది.

జూన్ 8. మెరక

ఫలితాలు వచ్చేదాకా ఇక్కడే ఉండి జెండాలు పట్టుకుని వెనక్కి వెళ్ళాలి. పొన్నలంకకి పచ్చ. ముప్పై ఒకటోసారి. మాకు ఎర్ర.

ల్యాబు హసీనా మేడం చిన్న మనిషి, గొంతు కూడా చిన్నదే. ఇవాళ నన్ను లోపలికి పిలిచి రెండు గాజుపళ్ళేలు చూపించింది. మందు కలిపిన జావలాంటిది పోసి, దాని మీద నమూనా పూసి రెండ్రోజులు ఉంచుతారట. మందుకి చావనివి మొలకెత్తినట్టు చుక్కలు చుక్కలుగా పైకొస్తాయి. నక్కలంక పళ్ళెం ముగ్గు పెట్టినట్టుంది. పొన్నలంకది కడిగి బోర్లించినట్టుంది.

"మందు కలపని పళ్ళెంలో కూడా వేసి చూశాను నూకరత్నంగారూ. మామూలువి కూడా సగానికి సగం మొలవలేదు. మనిషి పేగు ఇంత బోసిగా ఉండదు. దారిలో వేడెంత?"

"నాలుగండి."

ఆవిడ ఈ పుస్తకం పేజీలు వెనక్కి తిప్పింది. గడులు మాత్రమే చూసింది.

"ముప్పై నెలలూ నాలుగేనా? ఒక్కసారీ మూడు లేదు, అయిదు లేదు?"

"నాది నికరమైన చెయ్యండి."

ఆవిడ నవ్వలేదు. "ఎందుకడుగుతున్నానంటే, దారిలో ఎండకి చచ్చినవి పళ్ళెంలో మొలవవు. మొలవకపోతే నాకవి లేనట్టే. చచ్చాయో, మొదట్నుంచీ లేవో చెప్పడం నావల్ల కాదు."

సరేనండి అని బయటికొచ్చాను. మెట్లు దిగుతుండగా బుర్రలో దీపం వెలిగింది. పొన్నలంక పరువు వాళ్ళ శుభ్రతలో లేదు. నా తాడులో ఉంది! ముప్పై నెలలుగా ఆ పచ్చజెండా వాళ్ళకి ఇస్తున్నది నేనే. మా ఊరికి ఎర్రజెండా కట్టిందీ నేనే, ఐసులో దాచి మరీ.

అప్పుడే వెనక్కి మెట్లెక్కి ఆవిడకి చెప్పాల్సింది. చంద్రావతి మొహం గుర్తొచ్చి ఎక్కలేదు.

జూలై 5. పెట్టెల వేడి: నాలుగు

రెండు పెట్టెలూ టాపెక్కించాను.

భైరవస్వామి గడ్డం గోక్కుంటూ చూశాడు. "ఇదేటక్కా, మీదీ పైకెక్కించేసేవు?"

"గాలి తగలాలి."

"పెట్టెకా?"

"లోపలున్నవాటికి."

"వాటికెందుకక్కా గాలి?" అని కాసేపు ఆలోచించి, ఖాళీ అయిన మూలలో ఇంకో బుట్ట రొయ్యలు దించుకున్నాడు. అతనికి అంతకు మించి సందేహాలు ఉండవు.

మధ్యాహ్నం పైకెక్కి మూతలో ఉన్న థర్మామీటరు చూశాను. నలభై ఆరు. మా పెట్టెకి కాస్త నీడ పడుతోందని ఎండలోకి జరిపాను.

జూలై 9. మెరక

పచ్చ! నక్కలంకకి పచ్చజెండా!

హసీనా మేడం జెండా చేతికిస్తూ నా కళ్ళలోకి చూసింది. "మీ లంకలో ఏం మారింది?" అని అడిగింది. "అందరూ వేణ్ణీళ్ళు తాగుతున్నారండి" అన్నాను. వేడి సంగతి కాబట్టి పూర్తి అబద్ధం కాదు.

జూలై 12. నక్కలంక

ఊరంతా రేవులోనే ఉంది. మా ఆయన నలుగురి ముందు నా చెయ్యి పట్టుకున్నాడు, పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. చంద్రావతికి ఆగస్టు 7న ఆపరేషనని కబురొచ్చింది. పాలిపోయిన మొహంతోనే వంటింట్లో దూరి చేపల పులుసు పెట్టి, పీట వేసి, దగ్గర కూర్చుని వడ్డించింది. "నువ్వేం చేసేవో నాకు తెల్దు గానీ వదినా, ఏదో చేసేవు" అంది.

రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. అంత తెలివైనదాన్ని అయినందుకు నాకు నేనే ముచ్చటపడ్డాను.

ఆగస్టు 4. లాంచీలో. పెట్టెల వేడి: నలభై ఐదు

గడిలో ఉన్నది నిజం. ఎందుకు రాశానో చెప్తాను.

పొద్దున్న నక్కలంకలో చంద్రావతి ఎక్కింది. పొన్నలంకలో సుభద్రాయమ్మగారు ఎక్కారు. పిత్తాశయంలో రాళ్ళట, ఆవిడకీ 7నే ఆపరేషను. పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని, నొప్పి లేనట్టు నటిస్తూ, మాకు వీలైనంత దూరంలో కూర్చున్నారు. మాకూ పచ్చజెండా వచ్చిందన్న సంగతి ఆవిడకి రాళ్ళకంటే ఎక్కువ బాధగా ఉన్నట్టుంది.

లాంచీ పాయ మలుపు తిరిగాక భైరవస్వామి ఆవిణ్ణి పలకరించాడు. "అమ్మా, మీ లంక బుల్లబ్బాయిగారు ఎలాగున్నారండి? మొన్న ఆస్పత్రికి రొయ్యలేయడానికెళ్తే చూసేను. మనిషి సగం అయిపోయేడు."

"వయసు మీద పడింది. పుండు మానడానికి టైం పడుతుంది" అన్నారావిడ.

"వయసు కాదంటండి. వరిబీజం ఆపరేషనంట. మామూలు మందు తొమ్మిది రోజులు పొడిచేరంట. నీళ్ళు పొడిచినట్టే. పుండు కుళ్ళిపోయిందంట. పదోరోజు ఎవరికో రావాల్సిన ఆఖరిమందు తెచ్చి పొడిస్తే అప్పుడు పేణం నిలబడిందంట. పచ్చజెండా లంకోడికి ఇలాగెందుకైందో డాట్టర్లకే తెలవట్లేదంట."

నాకు తెలుసు.

ఇన్నాళ్ళూ నేను జెండానీ, వరసనీ చూశాను తప్ప, దాన్ని బట్టి ఏ మందు వేస్తారో ఒక్కసారీ ఆలోచించలేదు. పెట్టెలో పురుగుల్ని చంపాను. బుల్లబ్బాయిగారి పేగుల్లోవి అలాగే ఉన్నాయి. చంద్రావతి పేగుల్లోవీ అలాగే ఉన్నాయి. ఎల్లుండి కాక ఆవలెల్లుండి ఆమె కడుపు కోసి, నీళ్ళలాంటి మందు పొడుస్తారు. 

టాపెక్కి థర్మామీటరు చూసి, దిగి, గడిలో ఉన్నదున్నట్టు రాసి, ఆ ఇద్దరి మధ్యా నేల మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. తాడు, ఐసు, ముప్పై నెలలు, జూలై.

ముందు సుభద్రాయమ్మగారే లేచారు. "నా లంక పెట్టెని ఎండలో మాడ్చావా? నువ్వు!"

"తగలనివ్వద్దన్నారు కదండీ."

"నోర్ముయ్! ఇదంతా మీ లంకవాళ్ళ కుట్ర. మా జెండా చూసి ఓర్వలేక కట్టిన కథ. మాకు లేవు. ఉండవు!"

చంద్రావతి నీళ్ళవైపు తిరిగింది. అటే చూస్తూ అంది. "ఎనిమిది నెలలు ఆగినదాన్ని. ఇంకో ఎనిమిది ఆగేదాన్ని కదా వదినా. నన్నడిగేవా ఒక్కమాట?"

ప్రెసిడెంటుగారి తిట్టు తట్టుకున్నాను గానీ ఇది తట్టుకోలేకపోయాను.

కళ్ళు తుడుచుకుని చెప్పాను. "మాటలొద్దు. నా సంచిలో కొత్త డబ్బీలున్నాయి. మీ ఇద్దరివీ తాజాగా తీసుకుని, ఐసులో పెట్టి తీసుకెళ్దాం. మీకు లేకపోతే ప్రెసిడెంటుగారూ, మెరక రేవులో అందరి ముందూ నన్ను చెప్పుతో కొట్టండి."

చెప్పు మాట ఆవిడకి నచ్చింది. "ఇవ్వు డబ్బీ" అన్నారు.

ఆగస్టు 5. లాంచీలో. ఐసులో పెట్టె వేడి: మూడున్నర, స్వయంగా చూశాను

పొన్నలంక ప్రెసిడెంటుగారి నమూనా సేకరణ వివరాలు రికార్డు కోసం రాస్తున్నాను.

లాంచీలో మరుగు లేదు. వెనకభాగంలో నేనూ చంద్రావతీ చీర అడ్డం పట్టుకున్నాం. భైరవస్వామిని అటు తిరగమన్నాం. తిరిగాడు. "చెవులు కూడా మూసుకో" అన్నారు లోపల్నుంచి. "చుక్కాని ఎవరట్టుకుంటారండి?" అన్నాడు. అయితే గట్టిగా పాడమన్నారు. అతను నాటు వేసేటప్పటి పదం ఒకటి ఎత్తుకున్నాడు. గట్టు మీద గేదెలు తలలెత్తి చూశాయి. ఆరు చరణాలయ్యాయి. "ఇంక నాకు రాదండి" అన్నాడు. "మళ్ళీ మొదట్నుంచి పాడు" అని ఆజ్ఞ వచ్చింది. చీర పట్టుకున్న మా చేతులు నవ్వుతో వణికిపోయాయి. నిన్నటినుంచి నాతో మాట్లాడని చంద్రావతి నవ్వు ఆపుకోలేక నా భుజం కొరికింది.

పదకొండో చరణం దగ్గర డబ్బీ బయటికొచ్చింది.

దాన్ని ఐసులో పెట్టబోతే భైరవస్వామి అడ్డం పడ్డాడు. "ఇన్నేళ్ళూ మూలనెట్టుకోనిచ్చేను. ఇప్పుడు రొయ్యల నడిమజ్జనా? కుదరదక్కా."

సుభద్రాయమ్మగారు చీర సర్దుకుంటూ వచ్చి అతని ముందు నిలబడ్డారు. "నీ రొయ్యలకంటే నా పరువు తక్కువా?"

రొయ్యలు పక్కకి జరిగాయి.

ఆగస్టు 8. మెరక

రెండు పళ్ళేలూ ముగ్గులు పెట్టినట్టున్నాయి. ఏది ఏ లంకదో చీటీ చూస్తేగానీ తెలియదు.

మొన్న మెరకలో దిగి నిజం చెప్పిన రోజే హసీనా మేడం ఆపరేషన్లు ఆపించింది. ఆవిడ పుస్తకం మొదటి పేజీనుంచి చదువుతుంటే ఎదురుగా నిలబడాల్సి వచ్చింది. ఆ శిక్ష చాలు.

సుభద్రాయమ్మగారు తన పళ్ళెం చేతిలోకి తీసుకున్నారు. "ఇవన్నీ నావేనా?" అని అడిగారు.

"మీవేనండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఏమీ చెయ్యవు. పుండు పడితేనే గొడవ" అంది హసీనా మేడం.

చెప్పు తియ్యడానికి ఆవిడ వంగలేదు.

అసలు గొడవ మధ్యాహ్నం వచ్చింది. వరసతో పని లేకుండా అత్యవసరానికని దాచింది, ఒక్కరికి సరిపడా ఆఖరిమందే ఆసుపత్రిలో ఉంది. తర్వాతి సీసాలు పన్నెండు రోజులకి. డాక్టరు వచ్చి, ఇద్దరూ ఆగలేరు, కానీ ఒకరు ఆగాలి అన్నాడు. పొన్నలంక ప్రెసిడెంటుకీ, నక్కలంకలో వలలు అల్లుకునే మనిషికీ మధ్య ఎవరాగుతారో నాకు తెలుసు. చంద్రావతికీ తెలుసు. మూట సర్దుకోవడం మొదలుపెట్టింది.

"కూర్చో" అన్నారు సుభద్రాయమ్మగారు. డాక్టరువైపు తిరిగి, "నాది నొప్పి. నోరు కట్టుకుంటే ఆగుతుంది. ఆ పిల్లది రక్తం. అది ఆగదు. ఆమెకే ఎక్కించండి" అన్నారు.

చంద్రావతి ఏదో అనబోయింది.

"నాకు కృతజ్ఞతలూ అవీ చెప్పకు. నాకు చిరాకు" అని, నావైపు వేలు చూపించారు. "ఈ పన్నెండు రోజులూ నాకు నూనె లేని పథ్యం వండాలి. ఆ పని దీనిది."

ఆగస్టు 19. మెరక

చంద్రావతి ఆపరేషను బాగా జరిగింది. మూడోరోజున లేచి నడిచింది. పుండు శుభ్రంగా ఉంది.

నేను పదకొండు రోజులుగా గంజి కాస్తున్నాను. గంజి చిక్కగా ఉందని తిట్టారు. పల్చగా ఉందని తిట్టారు. నిన్న సరిగ్గా కుదిరితే, ఇన్నాళ్ళూ ఎందుకు ఇలా కాయలేదని తిట్టారు. రాత్రిళ్ళు నొప్పి వస్తే మాత్రం తిట్టరు. నా మణికట్టు పట్టుకుంటారు. గోళ్ళ గుర్తులు ఉన్నాయి.

నిన్న అలా పట్టుకుని అడిగారు. "బుల్లబ్బాయి లేచి కూర్చున్నాడా?"

"పొద్దున్న చూసొచ్చానండి. గంజి పట్టుకెళ్ళాను. కూర్చున్నాడు."

"నిజం చెప్పావా అతనికి?"

"చెప్పానండి. గంజి మొహాన కొట్టాడు."

"మంచిపని చేశాడు" అన్నారు, వేళ్ళు ఇంకాస్త బిగించి.

ఆగస్టు 28. మెరక

సుభద్రాయమ్మగారికి 21న ఆపరేషను అయింది. వేరుశెనక్కాయలంత రాళ్ళు తొమ్మిది తీశారు. వాటిని సీసాలో పోయించుకుని అందరికీ చూపిస్తున్నారు.

ఈ రెండు వారాల్లో ల్యాబువాళ్ళు ఐసు పెట్టెలు వేసుకుని సొంత పడవలో అన్ని లంకలూ తిరిగి నమూనాలు తెచ్చారు. పద్నాలుగింటిలో పదమూడింటిలో మొండిపురుగులున్నాయి. మిగిలిన ఒక్క లంకలో ఇద్దరే ఉంటారు, వాళ్ళూ ఆరోజు ఊళ్ళో లేరు. పెట్టెని వేడికి వదిలింది నేనొక్కదాన్నే కాదని, మిగతా లంకల పెట్టెలు మోసేవాళ్ళూ అంతేనని కూడా తేలింది. ఒకాయన పొయ్యి పక్కన పెట్టుకునేవాడట. ఒకావిడ రోజంతా గట్టు మీద వదిలేసి బంధువులింటికి వెళ్ళేదట.

ఇవాళ విచారణ. విచారణ చేసే పెద్దాయన ఈ పుస్తకాన్ని గొంతెత్తి చదివాడు. "యంత్రానికి అబద్ధం రాయడం రాదు. నాకొచ్చు" అనేచోట ఆగి, కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. తప్పయిందండి అన్నాను. సభలో నవ్వినవాళ్ళున్నారు. నేను కాదు.

తీర్పు: నన్ను ఏడాదిపాటు పెట్టెలకి దూరంగా ఉంచుతారు. ఈ ప్రయాణం ముగిశాక పుస్తకం అప్పగించాలి. ఆ ఏడాదంతా మా రేవు పెట్టెలకి సరంగు భైరవస్వామిదే బాధ్యత. ఐసులోనే పెట్టాలి, వేడి రోజుకి మూడుసార్లు చూసి రాయాలి, ఎనిమిది డిగ్రీలు దాటితే ఆ నమూనా చెల్లదు. అతను లబోదిబోమన్నాడు గానీ ఎవరూ వినలేదు. జెండాలు తీసేస్తారు. ఇకనుంచి లంకని కాకుండా మనిషిని చూస్తారు. ఎవరికి ఆపరేషనో వాళ్ళ తాజా నమూనా చూశాకే మందు తేలుస్తారు. ఎంతమందికి అవసరమో ఇప్పుడు లెక్క తెలిసింది కాబట్టి ఆఖరిమందు ఎక్కువ పంపమని పైవాళ్ళకి రాశారు. ఇస్తారో లేదో తెలియదు.

బయటికొస్తుంటే హసీనా మేడం మెట్ల దగ్గర ఆగింది. "జూన్‌లో నేను ఇంకా గట్టిగా అడగాల్సింది" అంది. కాదండి, నేనే వెనక్కి ఎక్కాల్సింది అన్నాను.

ఆగస్టు 31. పొన్నలంక రేవు

దారంతా సుభద్రాయమ్మగారు మాట్లాడలేదు. ఉపన్యాసం తయారుచేసుకుంటున్నారనుకున్నాను. భయపడుతున్నారని రేవు కనపడ్డాక అర్థమైంది. లంక లంకంతా గట్టు మీద ఉంది. ప్రెసిడెంటుగారు ఆపరేషను చేయించుకుని వస్తున్నారని సన్నాయి మేళాన్ని కూడా పిలిపించారు. ల్యాబువాళ్ళు వచ్చి నమూనాలు పట్టుకెళ్ళారే గానీ అసలు సంగతి ఇంకా వాళ్ళ దాకా రాలేదు. ముప్పై రెండు జెండాలు తోరణంలా కట్టి ఉన్నాయి.

"నేను చెప్పనాండి? తప్పు నాది కదా" అన్నాను.

"నీ తప్పు నువ్వు చెప్పుకున్నావ్. ఇది నా లంక" అన్నారు.

పొట్ట పట్టుకుని, గట్టుకి వేసిన బల్ల మీదుగా దిగారు. కుట్లు లాగుతున్నాయని వెనక్కి చూడకుండానే చెయ్యి చాపితే, చంద్రావతి వెళ్ళి పట్టుకుంది. మాకు ఎర్రజెండా వచ్చాక నక్కలంక మనిషి ఆ రేవులో కాలు పెట్టడం అదే మొదలు; నేను కూడా లాంచీలోంచే పెట్టె అందుకునేదాన్ని. గట్టు మీద గుసగుసలు బయల్దేరాయి.

"వినండి" అన్నారు సుభద్రాయమ్మగారు. "మొండిపురుగులు మనకీ ఉన్నాయి. నా పళ్ళెం నా కళ్ళతో చూశాను. ముందునుంచీ ఉన్నాయి. ఎండకి పెట్టెలో చచ్చిపోతే, లేవనుకుని మురిసిపోయాం. బుల్లబ్బాయి అందుకే కుళ్ళాడు. ఇన్నాళ్ళూ పక్క లంకవాళ్ళని నేనన్న మాటలు నావే. ఎవరైనా నన్ను దించేయాలనుకుంటే రేపు రండి. ఇవాళ నిలబడలేను."

తోరణం గాలికి టపటపమంటోంది. సన్నాయి ఆయన నోటి దగ్గర పెట్టుకున్న సన్నాయిని దించాలో, ఊదాలో తెలియక ప్రెసిడెంటుగారి మొహం చూస్తున్నాడు.

"చూస్తావేం? బతికొచ్చాం కదా ఇద్దరం. వాయించు!" అని కసిరారు.

ఆ మేళానికి పెళ్ళి పాటలు తప్ప ఇంకేమీ రావట. తాళి కట్టేటప్పుడు వాయించే గట్టిమేళం అందుకున్నారు. కుట్లతో ఉన్న ఆడవాళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ గట్టెక్కారు. జనంలో ఎవరో ముసలావిడ అలవాటు కొద్దీ వాళ్ళ మీద అక్షింతలు వేసేసింది.